కంపు కొట్టేది హార్బరా, మనమా?

ముందే ఒక మాట. ఇది కోపంలో రాస్తున్న టపా. నాలుగు వైపులా చూసి తూకం వేసి రాసే ఓపిక ఇవాళ నాకు లేదు. నచ్చకపోతే కింద తిట్టండి, అన్నీ చదువుతాను.

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగులో నేను ఓడిపోయాను. ఇరవై ఆరు ఓట్లకి నాలుగు. తీర్మానం ఏంటంటే, ఆదివారం పొద్దున్నే ఎక్సెల్ బండి మీద ఐస్ డబ్బా కట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చి చేపలమ్మే ఆవిడ ఇక నుంచి రాకూడదు. వాచ్‌మన్ ఆపెయ్యాలి. కారణం, కంపు.

ఒకాయన "హైజీన్ ఇష్యూ" అన్నాడు. ఇంకొకాయన "ప్రాపర్టీ వాల్యూ" అన్నాడు. మూడో ఆయన మాత్రం నిజంగానే తెలివైనవాడు. "సార్, మనం ఎయిర్‌పోర్టు పక్కన ఉన్నాం. చేపల వాసనకి గద్దలొస్తాయి. గద్దలొస్తే విమానాలకి డేంజర్. ఇది నేషనల్ సేఫ్టీ" అన్నాడు. అందరూ చప్పట్లు. కూరలో వేసుకునే అర కిలో బొచ్చె ముక్కలకీ దేశ భద్రతకీ ముడి పెట్టగలిగిన ఆ బుర్రకి నేను కూడా చప్పట్లు కొట్టేవాణ్ణే, ఓడిపోయి ఉండకపోతే.

ఆయన మాటలో అసలు నిజం లేదనను. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు జంతువుల్ని బహిరంగంగా కోయడం, చెత్త పారబోయడం మన విమానయాన నిబంధనల్లో నిషేధం. కారణం సరైనదే. ఇంజన్లోకి గద్ద దూరితే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ ఆ చేపలావిడ పొలుసులూ పేగులూ మూత ఉన్న బకెట్లో వేసుకుని తిరిగి తీసుకెళ్ళిపోతుంది. నేను రెండేళ్ళుగా చూస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ చెత్త మాత్రం ప్రహరీ వెనక ఖాళీ స్థలంలో కుప్పగా పడి ఉంటుంది. అందులో చికెన్ బిర్యానీ బొమికలు ఉంటాయి. వాటి మీద రోజూ గద్దలు తిరుగుతాయి. దాని మీద తీర్మానం లేదు.

సరే, ఓడిపోయాను, అయిపోయింది అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ దానికి సరిగ్గా మూడు వారాల ముందు మేము కాకినాడ వెళ్ళొచ్చాం. అందుకే ఈ మంట.

శంషాబాద్‌లో ఉండేవాళ్ళకి సెలవు రోజు కాలక్షేపాలు ఏముంటాయో ఇక్కడ ఉండేవాళ్ళకి తెలుసు. ముచ్చింతల్ వెళ్ళి 216 అడుగుల రామానుజుల విగ్రహం చూడొచ్చు. అది 2022 లో వచ్చింది, చుట్టాలొచ్చినప్పుడల్లా చూశాం, ఇప్పటికి ఐదు సార్లయింది. మొయినాబాద్ వైపు రిసార్టులున్నాయి. అక్కడ డబ్బులు కట్టి కుందేళ్ళకి క్యారెట్ పెట్టొచ్చు. ఏమీ లేకపోతే సాయంత్రం ఎయిర్‌పోర్టు గోడ బయట రోడ్డు పక్కన బండి ఆపుకుని దిగే విమానాలు చూడటం. నిజం చెప్పొద్దూ, నాకు ఇదే ఇష్టం. మొక్కజొన్న కండె కొరుక్కుంటూ కుటుంబాలకి కుటుంబాలు ఆకాశం కేసి చూస్తూ నిలబడతాయి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ ఇక్కడికి మారినప్పటి నుంచి, సముద్రం లేని మన ఊరికి రేవు అంటే ఇదే మరి.

మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు. ఆ గోడ దగ్గరే అడిగాడు, "మావయ్యా, విమానాల రేవు చూశాం కదా, పడవల రేవు ఎప్పుడు చూపిస్తావు?" అని. మనకి దగ్గరి సముద్రం మూడొందల కిలోమీటర్ల పైమాటే. సంక్రాంతి రద్దీ తగ్గాక, అమ్మ, మా ఆవిడ, వాడు, నేను గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాం. ఎయిర్‌పోర్టు పక్కన ఇల్లు పెట్టుకుని రైలెక్కడానికి గంటన్నర సికింద్రాబాద్ దాకా పోవడం ఏంటని మా ఆవిడ దారి పొడుగునా అడుగుతూనే ఉంది. నలుగురికి టిక్కెట్ల రేటు చూశాక అడగటం మానేసింది.

ప్లాన్ ప్రకారం మొదటి రోజు కోరంగి మడ అడవి, రెండో రోజు బీచ్, ఉప్పాడలో చీరలు. హార్బర్ ఐడియా మాది కాదు, ఆటో అతనిది. "బాబుకి చేపలు చూపిస్తారేటండీ? అయితే పొద్దున్నే ఐదింటికి రెడీగా ఉండండి, ఏడయితే ఏమీ ఉండదండి" అన్నాడు.

ఐదున్నరకి రేవులో ఉన్నాం. మొదటి ఐదు నిమిషాలు నిజంగానే కష్టం. డీజిలు, ఐసు, చేప రక్తం, ఉప్పు, ఎండు చేపలు అన్నీ కలిసిన వాసన ఒక్కసారి మీద పడుతుంది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. పిల్లాడు మాత్రం చెయ్యి వదిలించుకుని ముందుకి పరిగెత్తాడు.

బోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. కొన్ని వారం, పది రోజులు సముద్రం మీద ఉండి వచ్చినవట. గంపలు చేతుల మీదుగా దిగుతున్నాయి. కానాగంతలు, కవళ్ళు, సావళ్ళు, చందువాలు, అక్కడొకటి అక్కడొకటి పెద్ద కోనెం. ఒడ్డున ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వేలం పాట. ఆ పాట పాడేవాడి వేగం వింటే మన స్టాండప్ మీటింగులు సిగ్గుపడాలి. నలభై సెకన్లలో గంప అమ్ముడుపోతుంది, డబ్బులు చేతులు మారతాయి, తరవాతి గంప. మినిట్స్ లేవు, ఫాలోఅప్ మెయిల్ లేదు.

వీటన్నిటి మధ్యలో పక్షులు. నేను అనుకున్నది ఏంటంటే, జంతువులూ పక్షులూ కోరంగిలో ఉంటాయి, హార్బర్లో మనుషులుంటారు అని. కాదు. తెల్ల కొంగలు మనుషుల కాళ్ళ మధ్య స్టాఫ్ లాగా తిరుగుతున్నాయి. ఎవరూ తరమరు, అవీ బెదరవు. పైన ఎర్ర రెక్కలు, తెల్ల తలలతో గరుడ పక్షులు. రంగు తేలిన ఒక బోటు కొమ్ము మీద నల్లగద్ద కూర్చుని యజమానిలా చూస్తోంది. ఒకామె గంప ఏరుతూ ఏరుతూ అమ్మకానికి పనికిరాని చిన్న చేపని చూడకుండానే వెనక్కి విసురుతుంది, వెనకాల ఒక కొంగ రెడీగా ఉంటుంది. రోజూ అదే కొంగట. "మావయ్యా, దానికి జీతమా?" అన్నాడు మావాడు. ఆమె విని నవ్వింది. "జీతం కాదు బాబూ, ఆకలి. మాకూ అంతే, దానికీ అంతే" అంది.

ఒక పెద్దాయన వల కుడుతూ ఇంకో మాట చెప్పాడు. "సముద్రం మీద పక్షులు ఎక్కడ దిగితే అక్కడ చేప ఉన్నట్టండి. ఇప్పుడు మిషన్లొచ్చాయి గానీ, మా నాన్న పక్షిని చూసే వల వేసేవాడండి." ఈ మాట నేను మర్చిపోలేను. ఎయిర్‌పోర్టులో పక్షి కనపడితే తరమాలి. తప్పదు, అక్కడ ప్రాణాల లెక్క. రేవులో పక్షి కనపడితే దాని వెనకాలే వెళ్ళాలి. రెండూ రేవులే. ఇరవై కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తే రెండూ రాకపోకల చోట్లే. కానీ ఒకటి ప్రాణి లేకుండా ఉంటేనే నడుస్తుంది, రెండోది ప్రాణి ఉంటేనే నడుస్తుంది.

అన్నట్టు పావుగంటలో అమ్మ కొంగు ముక్కు మీద నుంచి నడుముకి దిగింది. ఇంకో పావుగంటలో రెండొందలు తగ్గించమని బేరం మొదలెట్టింది. ఒరేయ్, ఇంత తాజా చేప జన్మలో చూడలేదురా అంది. మా ఆవిడ ఫోనులో ఫొటోలు తీస్తోంది. వాసన ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

కోరంగి గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. 1978 లో అభయారణ్యం చేశారు, సుమారు 235 చదరపు కిలోమీటర్లు. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ, తిల్ల చెట్లు. చెక్కల వంతెన మీద నడుస్తూ వెళ్ళొచ్చు. నీటికుక్కలుంటాయి, చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉంటుంది, మాకు రెండూ కనపడలేదు. చలికాలం ఎక్కడెక్కడి దేశాల నుంచో పక్షులు దిగుతాయి, వాటికి వీసా స్టాంపింగ్ గొడవ లేదు. ఒకప్పుడు ఈ కోరంగి పెద్ద రేవు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారంటే ఈ ఊరి పేరు మీదే. 1839 తుఫానుకి దెబ్బ తిని మళ్ళీ లేవలేదు. ఇప్పటి మన ఆన్‌సైట్లకి ముత్తాత లాంటి ఊరు అది.

ఇక అసలు గొడవకి వస్తాను.

రెండో రోజు ఉప్పాడ వైపు వెళ్తుంటే ఒడ్డున చచ్చిపోయిన తాబేలు కనపడింది. ఆలివ్ రిడ్లే. పెద్ద పళ్ళెం అంత చిప్ప. మావాడు దాని దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. నేను ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను. అదే నేను చేసిన తప్పు.

అరగంటలో ముప్పై మెసేజీలు. "ఈ ఫిషర్‌మెన్‌ని జైల్లో వెయ్యాలి." "చదువు లేదు కదా బ్రో, ఏం తెలుస్తుంది." "బ్యాన్ ట్రాలర్స్." ఒకడైతే ఏకంగా ఆన్‌లైన్ పిటిషన్ లింకు పెట్టాడు. ఈ చివరి పుణ్యాత్ముడు అంతకు ముందు శుక్రవారం టీమ్ లంచిలో నా పక్కనే కూర్చుని రెండు ప్లేట్లు లూజ్ ప్రాన్స్ లాగించాడు. ఆ రొయ్య ఎక్కడి నుంచి వచ్చింది, ఏ వలలో పడింది అని వాడూ అడగలేదు, నేనూ అడగలేదు.

తాబేలు ఎందుకు చస్తుందో ముందు తెలుసుకుందాం. దానికి ఉన్నవి ఊపిరితిత్తులు, చేపలాగా మొప్పలు కాదు. పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. ట్రాల్ వలలో ఇరుక్కుని గంటల తరబడి నీళ్ళ కిందే ఈడ్చబడితే ఊపిరాడక చచ్చిపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. సరిగ్గా అప్పుడే వేట జోరుగా ఉంటుంది. ఇది వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు ప్రాణి. అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంత.

దీనికి మందు ఉంది. టెడ్ అంటారు, తాబేళ్ళు తప్పించుకునే సాధనం. వల మధ్యలో కమ్మీల చట్రం ఒకటి పెడతారు. రొయ్యలు, చేపలు కమ్మీల మధ్య నుంచి లోపలికి పోతాయి. తాబేలు కమ్మీలకి తగిలి పక్కనున్న రంధ్రం లోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకి తగ్గట్టు ఒకటి తయారుచేసింది కూడా. ఇది లేదని చెప్పే 2019 లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. మరి ఎందుకు పెట్టుకోరు? ఆ రంధ్రం లోంచి చేప కూడా పోతుందని జాలర్ల భయం. అధికారులు పోయేది చాలా తక్కువ అంటారు, జాలర్లు చాలా ఎక్కువ అంటారు. తనిఖీ రోజున వలకి ఉంటుంది, సముద్రంలో ఉండదు.

ఇక్కడ మనవాళ్ళు "చూశావా, మోసం" అంటారు. అయ్యా, ఆగండి. ఆఫీసు వాళ్ళు మీ లాప్‌టాప్‌లో సెక్యూరిటీ ఏజెంట్ వేస్తే, బిల్డ్ రెండు నిమిషాలు ఆలస్యమైతే, మనం ఏం చేశాం? మినహాయింపు ఫోల్డర్ ఎక్కడుందో వెతికాం. రిలీజు రేపు అనగా టెస్టు ఫెయిలయితే ఆ టెస్టుని కామెంట్ చేసినవాళ్ళు ఇక్కడ ఎంతమంది? నేను చేశాను. నెల జీతం గ్యారంటీగా పడే మనమే రెండు నిమిషాల కోసం రూలు పక్కన పెడతాం. పది రోజుల డీజిలు అప్పు మీద సముద్రంలోకి వెళ్ళినవాడు తన గంపలో పదో వంతు పోతుందని భయపడితే మాత్రం వాడు రాక్షసుడు. వాడే సాధనాన్ని వాడేవాడిని అడగకుండా తయారు చేసి, మీద రుద్ది, వాడట్లేదని తిట్టడం మన ఇండస్ట్రీ కనిపెట్టిన విద్యే కదా.

జాలర్లందరూ అమాయకులని నేను అనట్లేదు. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు మెకనైజ్డ్ బోట్లు వేటాడకూడదని ఆంధ్రలో నియమం. అది చిన్న పడవల వాళ్ళ కోసం పెట్టింది, తాబేలుకీ మేలు చేస్తుంది. అది తప్పే బోట్లు ఉన్నాయి. ఆ తప్పు వల్ల మొదట నష్టపోయేది పక్కనున్న ఫైబర్ పడవ వాడు. మీకు కోపమొస్తే రండి, ఆ రూలు అమలు చెయ్యమని అడుగుదాం, టెడ్ పెట్టుకున్నవాడికి పోయిన చేపకి సరిపడా డబ్బులివ్వమని అడుగుదాం. అది వదిలేసి "చదువు లేనోళ్ళు" అనేస్తే మన పని ఐపోయినట్టు ఉంటుంది, తాబేలుకి ఏమీ ఒరగదు.

పైగా వాళ్ళు ఆపని వేట ఏమీ కాదు. ప్రతి ఏడూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మర బోట్లు ఒడ్డునే ఉండాలి. చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ రెండు నెలలకి ఆంధ్రలో ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 లో పదివేలు చేశారు, 2025 లో 20 వేలు. కుటుంబానికి, రెండు నెలలకి. ప్రాణుల కోసం ఏడాదిలో రెండు నెలలు ఆదాయం వదులుకునే ఉద్యోగం మనలో ఎవరైనా చేస్తున్నారా? బెంచి మీద రెండు వారాలుంటేనే మనకి నిద్ర పట్టదు. ఆ నిషేధం ఇంకా ఉండగానే మృగశిర కార్తె వస్తుంది. చేప తినాల్సిందే అని హైదరాబాద్ మొత్తం మార్కెట్ల ముందు క్యూ కడుతుంది. ఆ రోజు రేటు పెరిగిందని తిట్టుకునేదీ మనమే.

ఇంకొకటి. కాకినాడ రేవు ఎందుకు ప్రశాంతంగా ఉంటుందో తెలుసా? ఎదురుగా సముద్రంలో హోప్ ఐలాండ్ అని పొడవాటి ఇసుక దిబ్బ ఉంది, పదహారు కిలోమీటర్లు. గోదావరి తెచ్చిన ఇసుకే గత రెండు మూడు వందల ఏళ్ళలో అలా పేరుకుంది. అలల్ని అది ఆపుతుంది కాబట్టి వెనకాల ఓడలూ పడవలూ నిలబడతాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టేది కూడా ఆ ఇసుక మీదే. అంటే రేవుకీ తాబేలుకీ ఆధారం ఒకటే. ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని కాపాడటం కుదరదు. ఆ పెద్దాయనకి ఇది తెలుసు. మా గ్రూపులో పిటిషన్ పెట్టినవాడికి తెలీదు. నాకూ అక్కడికి వెళ్ళేదాకా తెలీదు.

మరి మనకి కావాల్సింది ఏంటి? మనకి కావాల్సిన హార్బర్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మా టీమ్ మేట్ ఒకడు అన్నాడు, "అక్కడ మంచి వాటర్‌ఫ్రంట్ కట్టాలి భయ్యా, టైల్స్ వేసి, ఫుడ్ కోర్టు పెట్టి, సెల్ఫీ పాయింటు పెడితే సూపర్ ఉంటది" అని. నిజమే. టైల్స్ వేస్తే వేలం పాట ఉండదు. వేలం లేకపోతే చిన్న చేపలు విసిరేవాళ్ళుండరు. వాళ్ళు లేకపోతే కొంగ రాదు. అప్పుడు ఫుడ్ కోర్టు గోడ మీద కొంగ బొమ్మ పెయింట్ చేయించుకోవచ్చు. పిల్లలు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు.

రేవు ఇప్పుడున్నట్టే ఉండాలని నా వాదన అనుకోకండి. అలా అనేవాడు అక్కడ ఒక్క పూట పని చేసి ఉండడు. నీళ్ళ మీద డీజిలు తెట్టు ఉంది, ప్లాస్టిక్ ఉంది. తెల్లారుజామున మూడింటికి వచ్చే ఆడవాళ్ళు మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తారో అని మా ఆవిడ అడిగితే, ఒకామె సమాధానం చెప్పకుండా తల తిప్పుకుంది. నీడ లేదు, మంచినీళ్ళు లేవు. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్లో నలభై దాకా బోట్లు తగలబడిపోయాయి గుర్తుందా? ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుపోయాయి. బాగు చెయ్యాల్సింది చాలా ఉంది. కానీ ఎవరికోసం బాగు చేస్తున్నాం అన్నదే ప్రశ్న. అక్కడ పని చేసేవాళ్ళ కోసం చేస్తే రేవు బతుకుతుంది. మన ముక్కు కోసం చేస్తే చస్తుంది.

ఇప్పుడు మళ్ళీ శంషాబాద్.

2024 ఏప్రిల్ నెలాఖరున మన ఎయిర్‌పోర్టు గోడ దూకి చిరుతపులి లోపలికి వచ్చింది. గుర్తుందిగా. కెమెరాలు పెట్టారు, బోనులు పెట్టారు, మేకని ఎర వేశారు. మే 3న దొరికింది. ఆ ఐదారు రోజులూ మా అపార్ట్‌మెంట్ గ్రూపు చూడాలి. "చిరుత మన ఏరియాలోకి వచ్చేసింది" అని. మన ఏరియా! ఈ రాళ్ళ గుట్టలూ తుప్పలూ మన బిల్డర్ బ్రోచర్ కంటే పాతవి. 2020 లో రాజేంద్రనగర్ దగ్గర కూడా ఒకదాన్ని పట్టుకున్నారు. చిరుత ఎక్కడికీ రాలేదు, ఉన్నచోటే ఉంది. వచ్చింది మనం.

ఒడ్డు మీద తాబేలు గుడ్లు తొక్కేస్తున్నారని జాలరిని తిట్టే మనం ఎక్కడ కూర్చున్నామో కూడా చూసుకోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకి వాననీళ్ళు వచ్చే దారి మూసుకుపోకూడదని 1996 లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాలు, అందులో శంషాబాద్ వైపువీ ఉన్నాయి. 2022 లో జీవో 69 తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఆ రోజు మా గ్రూపులో ఎవరూ పిటిషన్ పెట్టలేదు. "రేట్లు పెరుగుతాయా?" అని అడిగారు. తాబేలుకి ఇసుక ఎలాగో చెరువుకి ఆ దారి అలాగే. మనకి నష్టం లేని చోట మాత్రం మనం గొప్ప ప్రకృతి ప్రేమికులం.

విమానాశ్రయానికి గోడ కావాలి. పక్షుల్ని తరమాలి, చిరుతని పట్టుకుని అడవిలో వదలాలి. దాని మీద నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అల్లా, ఊరు మొత్తాన్ని విమానాశ్రయంలా నడపాలనుకోవడం మీద. గేటు, స్కానింగు, గాజు, ఏసీ, వాసన లేని గాలి, చేతికి మట్టంటని పిల్లలు. పని జరిగే చోటు ఏదైనా సరే కళ్ళకి కనపడకూడదు, సరుకు మాత్రం పది నిమిషాల్లో డోర్ దగ్గరికి రావాలి. చేప కావాలి, చేపలావిడ వద్దు. రొయ్య కావాలి, రేవు వద్దు. తాబేలు కావాలి, కానీ స్టేటస్‌లో.

మీటింగులో నేను ఇదంతా చెప్పలేకపోయాను. అంత ధైర్యం లేదు, అంత టైమూ ఇవ్వలేదు. "ఆవిడ చెత్త ఆవిడే తీసుకెళ్తుందండీ, మనం మన చెత్త సంగతి చూద్దాం" అన్నాను. నవ్వారు. ఓటింగ్ అయిపోయింది.

ఆదివారం పొద్దున ఆవిడ వచ్చింది. వాచ్‌మన్ తల వంచుకుని చెప్పాడు. నేను కిందికి దిగేసరికి బండి తిప్పుకుంటోంది. సారీ అమ్మా అన్నాను. "మీరేం జేస్తరు సారూ" అంది. ఆ మూత ఉన్న బకెట్ ఖాళీగా వెనక కట్టి ఉంది. నాలుగు కిలోమీటర్ల అవతల ఇంకో కాలనీ ఉంది, అక్కడ ఇంకా ఆపలేదంట.

మేము ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్తున్నాం. మావాడు వస్తాను అంటే వాణ్ణీ తీసుకెళ్తున్నా. పోయినసారి వాడు అడిగాడు, "మావయ్యా, వాళ్ళకి చేప ఇష్టమే కదా, మరి ఆంటీని ఎందుకు రానివ్వలేదు?" అని. నా దగ్గర సమాధానం లేదు. ఆ ఇరవై ఆరు మందిలో ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి వాడికి మీరే చెప్పండి. సి బ్లాకు, మూడో అంతస్తు. ఆదివారం మధ్యాహ్నం అయితే చేపల పులుసు కూడా ఉంటుంది.